సురభి నాటకములు – సంగీత సమ్మేళనము

ప్రొద్దుటూరిలోగాని, జమ్మలమడుగులోగాని, పులివెందుల చుట్టుపట్ల పల్లెలలోగాని పద్యనాటకము జరుగుచున్న రాత్రి ప్రేక్షకుల నడుమ గూర్చుండి వినుచున్నచో రెండు విధములైన యభిప్రాయములు మన చెవిని బడును. ముందు వరుసలోని సంగీతజ్ఞుడు “ఇది సంగీతము కాదు, రాగమును హార్మోనియపు మెట్లపై గొట్టి చంపుచున్నారు” అని పెదవి విరుచును. అతని ప్రక్కనున్న ఆంగ్ల విద్యావంతుడు “ఇది నాటకము కాదు, శ్మశానమున నిలిచిన హరిశ్చంద్రుడు పద్యపాదము చివర నంతసేపు రాగము దీయుట యెక్కడి సహజత్వము?” అని నవ్వును. వెనుక నేలపై గూర్చున్న రైతు మాత్రము “వన్స్ మోర్” అని కేక వేయును. మొదటి యిద్దరి తీర్పులును గ్రంథముల కెక్కినవి. మూడవవాని తీర్పును వ్రాసి యుంచినవారు తక్కువ.

మేమును చాల కాలము మొదటి యిద్దరి పక్షముననే యుంటిమి. సంస్కృతము చదివినందున రాగశుద్ధి యనియు, ఆంగ్లము చదివినందున స్వాభావికత యనియు రెండు కొలతబద్దలను చేతబట్టి రైతు మెచ్చిన దానిని కొలిచితిమి. ఇప్పుడు మా యభిప్రాయము మారినది. మన నాటకరంగమున జరిగినది రెండు మూడు సంగీతముల నడుమ కుదిరిన యొక యొడంబడిక. ప్రతి సంప్రదాయము తనలో దేనిని వదలుకొనవచ్చునో, దేనిని వదలరాదో రాత్రి వెంబడి రాత్రి ప్రేక్షకుల యెదుట తేల్చుకొనినది. ఆ పని చేసినవారు వాగ్గేయకారులుగా లెక్కింపబడలేదు. వారి కల్పనలను మనము వ్రాసికొనలేదు. ఈ వ్యాసమున ఆ యొడంబడిక యెట్టిదో చూపి, వ్రాసికొనక పోవుటవలని నష్టమును మనవి చేయదలచితిమి.

కడప జిల్లాలో చక్రాయపేట మండలమున సురభి యను పల్లె గలదు. శాసనసభ యెన్నికలలో ఆ మండలము పులివెందుల నియోజకవర్గమునకు జేరినది. పూర్వము దీనిని సొరుగు అని పిలిచెడివారందురు. మహారాష్ట్రదేశము నుండి తరలివచ్చి, తోలుబొమ్మలాట వృత్తిగా నూరూర తిరుగుచుండిన ఆరె మరాఠీ కుటుంబములు కొన్ని యీ ప్రాంతమున నిలిచినవి. 1885వ సంవత్సరమున ఆ కుటుంబములలోని వనారస గోవిందరావుగారు మొదలగువారు, బొమ్మలను తెర వెనుక నాడించుటకు మారుగా తామే వేషములు వేసికొని కీచకవధ నాటకమును సురభిలో ప్రదర్శించిరి. నాటి నుండి ఆ కుటుంబములు పెరిగి, పలు సమాజములుగా చీలి, తెలుగుదేశ మంతటను సంచరించినవి. ఏ యూరిలో నాడినను వారికి సురభివారనియే పేరు.

ఈ పుట్టుకలోనే సంగీత సమ్మేళనమునకు బీజము గలదు. బొమ్మలాటవారు ఒకే రాత్రి భీముని గొంతును, ద్రౌపది గొంతును, విదూషకుని గొంతును మార్చి మార్చి పలుకవలసినవారు. వారింట మాట్లాడునది మరాఠీ. జనులకు వినిపించునది తెలుగు. ద్విపద, దరువు, వచనము వారికి బాల్యము నుండియు నోటికి వచ్చినవే. ఒక పాత్రకు తగిన గానము వేరొక పాత్రకు తగదనియు, పాట కథను నిలుపక నడిపింపవలెననియు వారికి గ్రంథములు చెప్పలేదు, వృత్తియే నేర్పినది.

ఆ కాలముననే ఉత్తరము నుండియు పడమర నుండియు క్రొత్త గాలి వీచినది. 1880లో పూనా నగరమున అణ్ణాసాహెబ్ కిర్లోస్కరుగారు సంగీత శాకుంతలమును ప్రదర్శించి మరాఠీ సంగీత నాటకమునకు దారి దీసిరి. ఆ సంవత్సరములలోనే ధార్వాడ నాటక సమాజమువారు తెలుగునాటికి వచ్చి, హిందీ నాటకముల నాడి, హిందుస్థానీ వరుసల మాధుర్యమును మనవారికి చవి చూపిరి. బొంబాయి పారసీ కంపెనీల పాటల మెట్లును వెంటనే వ్యాపించినవి. దత్తమండలములలో ముఖ్యపట్టణమైన బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు సరసవినోదినీ సభను స్థాపించి, 1887లో చిత్రనళీయమును ప్రదర్శించిరి. వచనము, పద్యము, పాట – మూడింటిని గూర్చి తెలుగు నాటకమునకు వారేర్పరచిన యీ కూర్పే తరువాతివారికి ఒరవడి యైనది. ఆంధ్ర నాటక పితామహుడని లోకము వారిని గౌరవించినది ఇందుకే. బళ్లారి, కడప యొకే దత్తమండలములోనివి గనుక ఈ ఒరవడి మన జిల్లాకు సులభముగా వచ్చి చేరెను.

ఇట్లు కర్ణాటక రాగము, హిందుస్థానీ వరుస, పారసీ మెట్టు, తెలుగు పద్యము ఒకే పందిరి క్రింద జేరినవి. వీనిని కలిపి కుట్టిన సూది హార్మోనియము.

హార్మోనియము మన వాద్యము కాదు. పారిస్ నగరమున డెబేన్ అను నతడు 1840 ప్రాంతమున దానిని రూపొందించెను. పాదరీలతోడను, దొరలతోడను అది మనదేశమునకు వచ్చెను. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోషుగారు దానిని నేలపై గూర్చుండి చేతితో తిత్తి నొత్తి వాయించుటకు వీలుగా మార్చిరి. తెలుగు నాటకశాలలో మాత్రము కాలితో త్రొక్కు హార్మోనియమే ప్రసిద్ధి కెక్కినది. రెండు చేతులును స్వేచ్ఛగా నుండుటయు, నాదము దూరము సాగుటయు దాని గుణములు. మైకులు లేని దినములలో వేయిమంది గల బయలులో నటుడు హెచ్చు శ్రుతిలో పాడవలసియుండగా వీణయు, తంబురయు ఆ గొంతునకు తోడు నిలువలేవు. హార్మోనియము నిలిచినది. అందుచే ఆదరింపబడినది.

అయితే అది తెచ్చిన చిక్కు చిన్నది కాదు. దాని మెట్లు స్థాయికి పండ్రెండు. ఒక్కొక్క మెట్టునకు నడుమ దూరము సమానము. మన గాయకుడు తంబుర యెదుట పాడు అంతరగాంధారము షడ్జమునుండి సహజముగా పుట్టునది. హార్మోనియములోని గాంధారము, ఒక యర్ధస్వరమును నూరు భాగములు చేసినచో దాదాపు 14 భాగములు దానికంటె హెచ్చుగా నుండును. పంచమములోని భేదము 2 భాగములే గనుక చెవికి తెలియదు. గాంధారములోనిది సుశిక్షితమైన చెవికి గుచ్చుకొనును. అంతకంటె పెద్ద చిక్కు గమకము. తోడిలోని గాంధారము ఒకచోట నిలుచునది కాదు, ఊగునది. మెట్టు ఊగదు. నొక్కిన మ్రోగును, విడిచిన ఆగును. కాబట్టి సంగీతజ్ఞుని నింద నిష్కారణమైనది కాదని మేము ఒప్పుకొనుచున్నాము.

ఈ చిక్కును నాటక హార్మోనిస్టులు మూడు విధముల దాటిరి. మొదటిది రాగముల యెంపిక. మెట్లపై స్వరము నిలిచినను స్వరూపము చెడని మోహన, కల్యాణి, హిందోళము, బేహాగు, భీంపలాసు వంటి రాగములను ఎక్కువగా చేరదీసిరి. ఆ రాగములు నాటకమునకు దగ్గరగుటకు ఇది యొక కారణమని మా యూహ. రెండవది పని పంపకము. గొంతు చేయగల దానిని గొంతునకే విడిచిరి. నటుడు స్వరమును ఊపి, జార్చి పాడునపుడు హార్మోనిస్టు ఆధారస్వరమును మాత్రమే పట్టి నిలుచును. నటుడు ఊపిరి తీసికొన్నపుడు ఆ సంచారమునే మెట్లకు లొంగునట్లు మార్చి బదులు చెప్పును. మూడవది యొక మాయ. ప్రక్క మెట్టును లేశమాత్రముగా దాకి, వెంటనే అసలు మెట్టుపై వ్రాలుట. ఆ తాకుడువలన లేని గమకము ఉన్నట్లు భ్రాంతి కలుగును.

జమ్మలమడుగు ప్రాంతమున మా కెరుకయైన వృద్ధ హార్మోనిస్టు ఒకరుండిరి. ఈ మాయను గూర్చి మేము ప్రశ్నింపగా ఆయన నవ్వి, “అయివారూ, మెట్టు మీద లేని స్వరం మెట్టు మీద యాడ దొరుకుతుంది? రెండు మెట్ల నడుమ ఉండాదని జనాన్ని నమ్మించాల. నమ్మితే ఇనబడుతుంది” అని చెప్పెను. శాస్త్రము చదివిన మాకు ఆ మాటలోని శాస్త్రము తెలియుటకు పదేండ్లు పట్టినది.

ఇక పద్యము మాట. ఉత్పలమాల పాదమున 20 అక్షరములు. 10వ యక్షరము యతిస్థానము. భ ర న భ భ ర వ అను గణములు గురులఘువుల నియమమును శాసించును. ఇది ఛందస్సు. పాఠశాలలో మేము దీనిని గణవిభజనతో చదివించుచున్నాము. రంగస్థలమున నటుడు దీనిని తాళము లేకయే పాడును. అర్థము ఎచ్చట విరుగునో అచ్చట ఆగును; ఎచ్చట భావము మిన్నందునో అచ్చట దీర్ఘమును సాగదీసి రాగము దీయును. సాధారణముగా మొదటి రెండు పాదములు మధ్యస్థాయిలో మాటకు దగ్గరగా సాగును; మూడవ పాదమున గొంతు పైకెక్కును; నాలుగవ దాని చివర తారస్థాయిలో ఆలాపన విచ్చుకొనును. కర్ణాటక పద్ధతిలోని కంపితములు ఇచట తగ్గి, హిందుస్థానీ పద్ధతిలోని జారులును, వడిగల తానములును హెచ్చినవి. పద్యము ముగియగానే తబలాతో గూడిన పాట వచ్చినచో, అంతవరకు కట్టు విప్పుకొని తిరిగిన కాలము మరల తాళమునకు కట్టుబడును.

పాశ్చాత్యుల ఆపెరా యను గేయనాటకమున మాటవలె పాడు భాగమును, తాళబద్ధముగా పాడు భాగమును వేర్వేరుగా నుండును. మన పద్యమును, పాటయు ఇంచుమించుగా ఆ రెండు పనులను చేయుచున్నవి. ఈ పోలిక వట్టి యలంకారము కాదని చూపుటకు అమెరికా దేశపు నాటక సంగీతమును కొంచెము పరిశీలింతము.

ఆ దేశమున బానిసత్వము ననుభవించిన నల్లజాతివారి సంతతి కల్పించిన సంగీతములలో జాజ్ అనునది యొకటి. దానిలో ముఖ్యగుణములు మూడు. తాళపు దెబ్బపై గాక దెబ్బకు నడుమ ఊనిక వేయుట. ఏర్పడిన చట్రములో అప్పటికప్పుడు కల్పించి వాయించుట. గాంధార నిషాదముల వంటి స్వరములను కొంచెము క్రిందికి వంచి పాడుట. ఈ వంచిన స్వరములు పియానో మెట్లకు నడుమ నుండును. పియానో వాయించువాడు చేయునదేమి? ప్రక్కప్రక్క మెట్లను రెంటిని దాకించి ఆ స్వరమును స్ఫురింపజేయును. జమ్మలమడుగు వృద్ధుడు చేసిన మాయయు ఇదియే! సముద్రముల కావలనున్న వాద్యకారుడును, పెన్నయొడ్డుననున్న హార్మోనిస్టును ఒకరి నొకరు ఎరుగక, ఐరోపా మెట్లపై తమ జాతి గొంతును పలికింపవలసి వచ్చి, ఒకే యుపాయమును కనుగొనిరి.

1924లో గెర్ష్విన్ అను స్వరకర్త పియానోకును వాద్యబృందమునకును జాజ్ ఛాయలతో ఒక రచన చేసి న్యూయార్కులో వినిపించెను. దాని యారంభమున క్లారినెట్టు వాద్యమునకు అతడు వరుసగా మెట్లెక్కు స్వరములనే వ్రాసెను. అభ్యాసవేళ ఆ వాద్యకారుడు వేళాకోళముగా ఆ స్వరములను విడివిడిగా గాక ఒకే జారుగా ఊదగా, గెర్ష్వినునకు నచ్చి దానిని నిలుపుకొనెను. ఆ జారు ఆ రచనకే గుర్తుగా నిలిచినది. దానిని కల్పించిన రాస్ గోర్మన్ పేరును చరిత్రలో నిలిచినది.

1957లో న్యూయార్కున ప్రదర్శింపబడిన వెస్ట్ సైడ్ స్టోరీ అను సంగీత నాటకము ఈ సమ్మేళనమునకు ప్రసిద్ధోదాహరణము. షేక్స్పియరు రోమియో జూలియెట్ కథను నగర వీథులలోని రెండు యువక ముఠాల కలహముగా మార్చిరి. స్వరకర్త లియొనార్డ్ బెర్న్‌స్టైన్. అతడు షడ్జమునకును ప్రతిమధ్యమమునకును గల దూరమును నాటకమంతటికి బీజముగా వేసెను. మనకు ప్రతిమధ్యమము కల్యాణి గృహమునకు దీపము. పాశ్చాత్యుల చెవికి ఆ దూరము అశాంతిని సూచించునది. దానిని సంగీతములోని సైతానని కూడ వారు పిలిచిరి. కలహ సన్నివేశమున ఆ దూరము అట్లే నిలిచి కలత పెట్టును. నాయకుడు ప్రియురాలి పేరును దలచి పాడునపుడు ఆ ప్రతిమధ్యమమే పంచమముపైకెక్కి శాంతించును. ఒకే బీజము పగను పలికినది, ప్రేమను పలికినది. మరియొక చోట, ఒకరు పాడిన వరుసను మరియొకరు వెన్నంటి యందుకొను ఫ్యూగ్ అను ప్రాచీన శాస్త్రీయ రచనాపద్ధతిని గైకొని, స్థాయిలోని పండ్రెండు స్వరములతో దాని వరుసను కూర్చి, జాజ్ వాద్యముల నోట పలికించెను. శాస్త్రీయ పద్ధతి కట్టడము నిచ్చెను. జాజ్ నడకను, వేడిని ఇచ్చెను. ఏ యొక్కటియు రెండవదానికి దాసి కాలేదు.

మన రంగమునను ఇట్లే. ఛందస్సు కట్టడము, రాగము భావము, హార్మోనియము నేల. ఛందస్సు తన గణముల నడకను కొంత వదలుకొన్నది, అక్షర నియమమును వదలలేదు. రాగము తన సూక్ష్మ గమకములను కొన్ని వదలుకొన్నది, తన జీవస్వరములను వదలలేదు. హార్మోనియము పాశ్చాత్యుల స్వరసంపుటి పద్ధతిని చాలవరకు వదలుకొని, ఒక గొంతు వెంట నడచుట నేర్చినది.

దోషములు లేవని మేము చెప్పుట లేదు. బళ్లారి రాఘవగారు నటనకు పాట అడ్డురాకూడదని వాదించి, రాగముల సాగదీతను నిరసించిరి. ఆ నిరసన న్యాయమైనదే. కేకలకొరకు పద్యార్థమును మరచి గొంతు విన్యాసమునే చూపువారు నాడును గలరు, నేడును గలరు. హార్మోనియమును గూర్చి అంతకంటె కఠినమైన తీర్పు వచ్చినది. 1940 మార్చి 1వ తేది నుండి ఆకాశవాణి దానిని తన కార్యక్రమముల నుండి బహిష్కరించెను. రవీంద్రనాథ ఠాకూరు వంటి మహనీయులు ఆ బహిష్కారమును సమర్థించిరి. 1971 తరువాతనే ఆ నిషేధము సడలినది. ముప్పదియేండ్లు ప్రభుత్వ రేడియో తలుపు మూసికొన్నపుడు, హార్మోనిస్టుల కల్పనలు పల్లె పందిళ్లలోనే పుట్టి పల్లె పందిళ్లలోనే యణగినవి.

అంతకంటె పెద్ద తలుపును మూసినవారము మనము. సురభి సమాజములలో స్త్రీపాత్రలను స్త్రీలే ధరించిరి. తక్కిన సమాజములలో పురుషులే స్త్రీవేషములు వేయుచున్న దినములలో ఇది గొప్ప సాహసము. ఆ యిండ్ల ఆడువారు కృష్ణుడు మొదలగు పురుషపాత్రలను కూడ ధరించి మెప్పించిరి. తెలుగున మొదటి శబ్దచిత్రమైన భక్త ప్రహ్లాద 1932లో వెలువడగా, అందు లీలావతిగా నటించినది సురభి కమలాబాయిగారే. భర్త హార్మోనియము వాయింప, భార్య చంద్రమతి యై పాడ, బిడ్డ లోహితాస్యుడై నిలుచు కుటుంబములవి. స్త్రీవిద్యను, స్త్రీగౌరవమును కోరిన మన సంస్కర్తల కుటుంబములు వీరిని జూచి సంతోషింపవలసియుండెను. కాని మనము చేసినదేమి? మన ఆడపిల్లలకు హార్మోనియము కొనిపెట్టితిమి; పెండ్లిచూపులనాడు రెండు కృతులు పాడించితిమి. హార్మోనియపు శ్రుతిలో పాడి బ్రతికిన స్త్రీని మాత్రము గడప దాటి లోపలికి పిలువలేదు.

మా తప్పును కూడ చెప్పికొనవలెను. పై వృద్ధ హార్మోనిస్టు చెల్లెలు చంద్రమతి వేషమున ప్రసిద్ధురాలు. బాలికలకు పద్యపఠనము నేర్పుటకు ఆమెను ఒక పాఠశాలకు పిలువవలెనని మేమొకసారి తలపెట్టితిమి. కొందరు తల్లిదండ్రులు “నాటకాలామె పిల్లలకు పాఠం చెప్పడమేమి?” అనిరి. మేము వాదింపక ఊరకుంటిమి. సంస్కరణ వ్యాసములు వ్రాయు చేయి ఆ దినమున పైకి లేవలేదు. మరియొక తప్పు దీనికంటె తీరనిది. కాటిసీనులో ఆ యన్నాచెల్లెండ్రకు తండ్రివలన వచ్చిన వరుస యొకటి యుండెను. తాము బాల్యమున విన్న తోలుబొమ్మలాట దరువు నడకను మోహనములో పొదిగి వారి తండ్రి కట్టినదట. దానిని స్వరములతో వ్రాసికొనవలెనని మా కోరిక. “వేసవి సెలవులలో వత్తుము” అంటిమి. ఆ వేసవి పరీక్షల పనితో గడచినది. మరుసటి వేసవికి ఆయన లేరు. చెల్లెలికి పాట గుర్తున్నది. హార్మోనియము ఇచ్చు బదుళ్లు గుర్తులేవు. సగము కూర్పు ఆయనతో పోయినది.

ఈ నష్టము ఎంతటిదో తెలియుటకు మరల అమెరికాకు పోదము. జాజునకు ముందు పుట్టిన రాగ్‌టైం అను సంగీతమున ప్రవీణుడైన స్కాట్ జోప్లిన్ అను నల్లజాతి స్వరకర్త ట్రీమోనీషా అను గేయనాటకమును రచించెను. చదువుకొన్న యొక యువతి మూఢవిశ్వాసములనుండి తన జనులను తప్పించి వారికి నాయకురాలగుట దాని కథ. ఐరోపా గేయనాటకపు కట్టడమును, తన జాతి పాటల నడకను అందు కూర్చెను. ముద్రించుట కెవరును ముందుకు రాకపోగా 1911లో తన సొమ్ముతో పియానో స్వరలిపిని అచ్చువేయించెను. నాటకముగా చక్కగా ప్రదర్శింపబడుట చూడకయే 1917లో మరణించెను. వాద్యబృందమునకు వ్రాసిన భాగములు పోయినవి. కాని ఆ యచ్చుపుస్తకము మిగిలినది. దానినిబట్టి 1972లో అట్లాంటా నగరమున సంపూర్ణముగా ప్రదర్శించిరి. 1976లో చనిపోయిన యాతనికి పులిట్జరు పురస్కారమును ప్రకటించిరి. ఆ దేశమునను అన్యాయము జరిగినది. అయినను కాగితముపై నిలిచిన దగుటచే ఆ యన్యాయమును కొంతవరకైన దిద్దుకొనుటకు వీలు కలిగినది. మన హార్మోనిస్టులకు జరిగిన యన్యాయమును దిద్దుకొనవలెనన్నను మనచేత కాగితమేది? అచ్చయిన నాటకములలో పాటలపై రాగతాళముల పేర్లుండును. ఆ పేరు చిరునామా వంటిది. ఇంటిలోని మనిషి కాదు.

సమయము మించిపోయినదని నిరాశ పడనక్కరలేదు. హైదరాబాదున లింగంపల్లిలో స్థిరపడిన సురభివారి శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన సురభి బాబ్జీగారికి 2013లో పద్మశ్రీ లభించినది. బాల్యమున గుబ్బి వీరణ్ణగారి సమాజమున పెరిగిన బి. వి. కారంతుగారు 1996లో సురభివారిచే భీష్మ నాటకమును చేయించిరి. జర్మను నాటకకర్త బ్రెహ్ట్ రచనను బస్తీ దేవత యాదమ్మగా కూడ వారిచేత నాడించిరి. నూరేండ్ల పద్యనాటకము నాడిన గొంతులు క్రొత్త కథను, క్రొత్త వరుసను మోయగలవని దానివలన తేలినది. పుట్టుకతోనే సమ్మేళనమైన కళకు క్రొత్తది వచ్చి చేరుట భయము కాదు.

చేయవలసిన పనియు పెద్దది కాదు. ప్రొద్దుటూరు కవులకు, అవధానులకు నిలయమైన పట్టణము. శివతాండవమును రచించిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు సాహిత్యమును, సంగీతమును, నాట్యమును ఒకే కన్నుతో చూచిన విద్వాంసులు. వారు నడచిన వీథులివి. ఇట్టి పట్టణమున ఛందస్సు తెలిసిన తెలుగు ఉపాధ్యాయులును, స్వరము తెలిసిన సంగీతోపాధ్యాయులును దొరకక పోరు. ఇరువురును గలిసి నెలకొక హార్మోనిస్టు ఇంటికి పోవలెను. నేడు ప్రతివారి జేబులోను ఫోను గలదు. అది వినినదానిని విన్నట్లు పట్టియుంచును. అంతటితో తృప్తిపడక, పద్యమును గణములతోను, దాని ప్రక్కనే నటుడు పాడు స్వరములను, వాని క్రింద హార్మోనియపు బదుళ్లను వ్రాయవలెను. ఆ వరుస ఎవరివలన వచ్చినదో వారి పేరు వ్రాయవలెను. తండ్రి పేరొక్కటియే గాక, పాడిన తల్లి పేరును వ్రాయవలెను.

ఆ చెల్లెలు ఇంకను గలరు. ఈ వేసవిలో ఆమె యింటికి పోవుటకు తేది నిర్ణయించుకొంటిమి. గుర్తున్న సగమునైనను వ్రాసికొందుము. తరువాత, పాఠశాల తెరచిన పిమ్మట, బాలికల తరగతికి ఆమెను మరల పిలుతుము. ఈసారి తల్లిదండ్రులు ప్రశ్నించినచో ఊరకుండము.